కాళ్లున్న అక్షరాలు, తలకట్టున్న అక్షరాలు

పెళ్లి కార్డు మీద ఇంగ్లిష్‌లో పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు కొసలు తిరిగిన అక్షరాల్లో వయ్యారంగా వేస్తే చూడముచ్చటగానే ఉంటుంది. తెలుగు వైపు తిప్పితే అక్కడా అదే వయ్యారం కోసం తాపత్రయపడి ఉంటారు. కానీ పేరు పోల్చుకోవాలంటే కార్డుని వెలుతురుకి పెట్టి చూడాలి. విజయనగరంలో అచ్చయ్యే కార్డుల్లోనూ, శ్రీకాకుళం జంక్షన్లలో కట్టే ఫ్లెక్సీల్లోనూ ఇదే వరస. డిజైన్ చేసిన కుర్రాడికి పని రాదని కాదు. ఇంగ్లిష్ అక్షరంలో సోకు చేసుకోవడానికి ఖాళీగా ఉన్న చోటు తెలుగు అక్షరంలో ఖాళీగా లేదు. అసలు చిక్కంతా అక్కడుంది.

ముందు ఇంగ్లిష్ సంగతి చూద్దాం. క్యాపిటల్ 'ఐ'ని ఒట్టి నిలువు గీతగా గీసి వదిలేయొచ్చు. లేదా పైనొకటి, కిందొకటి చిన్న అడ్డగీత పెట్టి నిలబెట్టొచ్చు. ఆ చిన్న గీతనే సెరిఫ్ అంటారు. అది లేని అక్షరాలు శాన్స్ సెరిఫ్. ఫోన్ తెర మీదా రోడ్డు పక్క బోర్డుల మీదా మనం రోజూ చూసేవి ఎక్కువగా ఇవే. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే. సెరిఫ్‌కి ఏ శబ్దమూ లేదు. పెట్టినా ఐ, తీసేసినా ఐ. అది అక్షరానికి కాలే గానీ ప్రాణం కాదు. అందుకే ఆ కాలిని సాగదీయొచ్చు, చీల్చొచ్చు, మెలితిప్పొచ్చు, చివర తీగలు అల్లొచ్చు. ఎంత ఆడించినా చదివేవాడు పెద్దగా తడబడడు.

ఈ కాళ్లు ఎక్కడివంటే అందరూ చూపించేది రోమ్ నగరంలో క్రీ.శ. 113లో నిలబెట్టిన ట్రాజన్ స్తంభం. దాని అడుగున చెక్కిన శాసనంలో అక్షరాల కొసలు అందంగా విచ్చుకుని ఉంటాయి. ఉలితో గీత చివర శుభ్రం చెయ్యబోతే సెరిఫ్ పుట్టిందని చాలాకాలం అనుకున్నారు. ఎడ్వర్డ్ క్యాటిచ్ అనే అమెరికన్ మతగురువు 1968లో దీన్ని కాదన్నాడు. రాతి మీద ముందు వెడల్పు బ్రష్‌తో రాశారనీ, ఉలి ఆ రాతనే అనుసరించిందనీ, సెరిఫ్ బ్రష్ కదలికలోంచి వచ్చిందనీ ఆయన వాదన. ఆయన కుర్రతనంలో చికాగోలో షాపు బోర్డులు రాసి బతికినవాడు. ఫ్లెక్సీలు రాకముందు మన ఊళ్లలో బోర్డులు రాసిన ఆర్టిస్టుల చెయ్యి గమనించినవాళ్లకి ఈ వాదన చప్పున బుర్రకెక్కుతుంది. వెడల్పు బ్రష్‌ని కిందకి లాగి తిన్నగా ఎత్తేస్తే గీత చివర వెంట్రుకలు చెదిరినట్టు కనబడుతుంది. ఆపేచోట మణికట్టుని కాస్త తిప్పి, అంచుని ఒత్తి ఎత్తితేనే కొస నీటుగా తేలుతుంది. నాకైతే క్యాటిచ్ మాటే నమ్మబుద్ధవుతుంది.

ఆ స్తంభం అక్షరాలే 1989లో అడోబ్ సంస్థలో కెరొల్ ట్వాంబ్లీ చేతుల్లో 'ట్రాజన్' అనే ఫాంటుగా మళ్లీ పుట్టాయి. రోమన్ల కాలంలో చిన్న అక్షరాలు లేవు కాబట్టి ఇందులోనూ ఉన్నవి పెద్దక్షరాలే. హాలీవుడ్ పోస్టర్లు దీన్ని ఎంత వాడేశాయంటే, ఇప్పుడు ఆ అక్షరాలు చూడగానే రాజులు, యుద్ధాలు, పాపం, శాపం ఏదో ఉందనిపిస్తుంది.

పుస్తకాల అచ్చులో సెరిఫ్ సోకు మెల్లగా పెరిగింది. 18వ శతాబ్దం నడుమ బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్‌విల్ అనే అచ్చుపనివాడు నున్నటి కాగితం, నల్లటి సిరా తయారు చేయించుకున్నాడు. కాగితం నునుపైతే అక్షరంలో సన్నగీతని మరీ సన్నగా చెక్కినా చెదరకుండా పడుతుంది. ఆ దారిలోనే ఇటలీలోని పార్మాలో బొడోని, పారిస్‌లో డిడో కుటుంబం చివరిదాకా వెళ్లారు. నిలువు గీత దిట్టంగా, అడ్డగీతా సెరిఫూ వెంట్రుకంత. ఇవాళ వోగ్ లాంటి ఫ్యాషన్ పత్రికల పేరులో కనిపించేది ఈ డిడో తరహా అక్షరమే. నగల షోరూములు ఈ రకాన్ని ఎందుకు ఎంచుకుంటాయో వేరే చెప్పక్కర్లేదు. ఖరీదైన వస్తువుల పక్కన రెండు వందల ఏళ్లుగా చూసీచూసీ ఆ అక్షరమే ఖరీదైనదని మనకి అలవాటైపోయింది.

19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో అక్షరం పుస్తకం దిగి గోడెక్కింది. లాటరీ టిక్కెట్ల ప్రకటనలు, నాటకాల పోస్టర్లు, వేలంపాట నోటీసులు ఒకే గోడ మీద ఒకదాని పక్కన ఒకటి. ఎవడి గొంతు పెద్దదైతే వాడి వైపు జనం చూస్తారు. బొడోని అక్షరాన్నే తీసుకుని నిలువు గీతని ఊబకాయంలా ఉబ్బించి 'ఫ్యాట్ ఫేస్' చేశారు. సెరిఫ్‌ని దిమ్మల్లా చేసి 'ఈజిప్షియన్' అన్నారు. కొసని రెండుగా చీల్చి చేపతోకలా విప్పినవి 'టస్కన్' అక్షరాలు. అక్షరం లోపల తెల్లగీత లాగడం, పక్కన నీడ వెయ్యడం, పొట్టలో పూలు నింపడం అన్నీ అప్పుడే. పెద్ద సైజు సీసపు అక్షరాలు మోయలేనంత బరువూ, కొనలేనంత ఖరీదూ కావడంతో 1827 ప్రాంతంలో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ మరతో చెక్క అక్షరాలు చెక్కడం మొదలుపెట్టాడు. దాంతో అడుగెత్తు అక్షరాలు కూడా చవకైపోయాయి. మనం ఇవాళ డెకరేటివ్ సెరిఫ్ అంటున్నవాటిలో చాలావాటి వంశవృక్షం ఈ పోస్టర్ గోడ దగ్గరే దొరుకుతుంది.

అంటే పుట్టుకే గోడకోసం. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే దాని వాడకం గురించి సగం తెలిసినట్టే. పుస్తకం అక్షరం తాను కనబడకుండా మాటని వినిపించాలి. పోస్టర్ అక్షరం ముందు తాను కనబడాలి. మాట తరవాత. కాబట్టి రెండు మూడు మాటలకి, పెద్ద సైజులో, చుట్టూ ఖాళీ వదిలి వాడితే డెకరేటివ్ సెరిఫ్ వెలిగిపోతుంది. ఆహ్వానపత్రిక మొత్తం, అంటే ముహూర్తం, వేదిక, బంధుమిత్రుల అభినందనలు అన్నీ అందులోనే కొడితే భోజనమంతా ఆవకాయే వడ్డించినట్టుంటుంది.

ఇదేదో అభిరుచికి సంబంధించిన మాట అనుకోకండి. కొలత తీసి చూడొచ్చు. అచ్చుపనిలో కొలమానం పాయింటు. 72 పాయింట్లు ఒక అంగుళం. బొడోని తరహా ఫాంటులో సన్నగీత మందం అక్షరం సైజులో నలభయ్యో వంతు అనుకుందాం. 72 పాయింట్ల సైజులో పేరు వేస్తే ఆ గీత 1.8 పాయింట్లు, అంటే 0.6 మిల్లీమీటరు పైచిలుకు. దర్జాగా పడుతుంది. అదే ఫాంటులో 8 పాయింట్లకి దించి కల్యాణమండపం అడ్రసు కొడితే గీత 0.2 పాయింటు, 0.07 మిల్లీమీటరు. పావు పాయింటు కన్నా సన్నగీత వద్దని ఆఫ్‌సెట్ ప్రెస్‌వాళ్లు మామూలుగా చెప్పే మాట. ఇది దానికీ లోపే. తెర మీద జూమ్ చేసి చూసినప్పుడు ఉన్న గీత కాగితం మీద అక్కడక్కడా మాయమైపోతుంది. ఇంగ్లిష్ 'ఈ' కాస్తా 'సీ'లా మిగులుతుంది.

సీసపు అక్షరాల రోజుల్లో ఈ బాధ తక్కువ. ఒక్కో సైజుకి అక్షరాన్ని విడిగా చెక్కేవాళ్లు కాబట్టి చిన్న సైజులో సన్నగీతని కొంచెం లావు చేసి, అక్షరాల మధ్య ఎడం పెంచేవాళ్లు. కంప్యూటర్ వచ్చాక ఒకే బొమ్మని పెంచడం, తగ్గించడం. అందుకే మంచి ఫాంట్లు కొన్ని హెడ్డింగులకి ఒకటి, చదివే మ్యాటర్‌కి ఒకటి అని విడివిడిగా వస్తాయి. ప్లేఫెయిర్ డిస్‌ప్లే అనే ఫాంటు పేరులో ఉన్న 'డిస్‌ప్లే' అన్న మాట అలంకారానికి పెట్టింది కాదు, పెద్ద సైజులో వాడండని చెప్పడానికి. ఉచితంగా దొరకడంతో ఇప్పుడు కార్డుల మీద, కేఫ్ బోర్డుల మీద అది లేని చోటు లేదు. చాలామంది దాన్నే చిన్న సైజులో పేరాలకి వాడేస్తున్నారు.

సెరిఫ్ అన్నీ దర్పం ఒలకబోస్తాయనీ కాదు. చికాగోలో ఆస్వాల్డ్ కూపర్ గీసిన 'కూపర్ బ్లాక్' 1922లో వచ్చింది. లావుపాటి అక్షరాలు, గుండ్రంగా అరిగిన కాళ్లు. ఎక్కడా పదునైన మూల ఉండదు. మిఠాయి డబ్బాకీ, పిల్లల బట్టల షాపుకీ బాగుంటుంది, లాయర్ గారి నేమ్‌ప్లేటుకి పెడితే నవ్వొస్తుంది. సన్నగీతలు లేవు కాబట్టి ఇది నాసిరకం ఫ్లెక్సీ మీద కూడా చెక్కుచెదరదు. అలంకారం ఉన్న ఫాంట్లలో ఇంత మొండిది మరొకటి నాకు తెలీదు.

ఇప్పుడు తెలుగు వైపు వద్దాం.

తెలుగులో తలకట్టే మన సెరిఫ్ అని చాలామంది చెబుతుంటారు. చరిత్ర ప్రకారం ఆ మాటలో నిజముంది. పాత దక్షిణాది శాసనాల్లో అక్షరం మొదలయ్యే చోట చిన్న గుర్తు పెట్టేవాళ్లు. వాకాటక రాజుల శాసనాల్లో అయితే అది ఏకంగా చిన్న చదరంగా ఉంటుంది, వాటిని పెట్టెతల అక్షరాలంటారు. ఆ తలగుర్తు తెలుగు, కన్నడ లిపుల్లో రూపు మారుతూ మారుతూ తలకట్టయింది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, శ్రీముఖలింగం గుడిలోని శాసనాల లిపిని ఎవరి దగ్గరా నేర్చుకోకుండా సొంతంగా చదివారు. ఆ గోడల ముందు నిలబడితే ఈ మార్పులో కొంత ఇప్పటికీ కంటికి కనబడుతుంది.

కానీ పుట్టుక ఒకటైనా తలకట్టు ఇప్పుడు చేసే పని వేరు. క మీద తలకట్టు తీసి గుడి పెడితే కి. పొల్లు పెడితే క్. అంటే తలకట్టున్న చోటు అచ్చుల గుర్తులు కూర్చునే పీట. అలంకారం పేరుతో దాన్ని సాగదీసి మెలితిప్పితే అది గుడో, ఎత్వమో అనుకునే ప్రమాదముంది. పోనీ అన్ని అక్షరాలకీ ఒకేలా ఉందా అంటే అదీ లేదు. ఖ, జ, ట, ణ, బ, లలకి తలకట్టే లేదు. ఘ, ప, ఫ, ష, స, హలకి ఉంది గానీ అక్షరాన్ని తాకదు, పైన తేలుతుంది.

ఆ తేలే సందు ఎంత విలువైనదో ఒక ఇంటిపేరు తీసుకుంటే తెలుస్తుంది. ఉత్తరాంధ్రలో పట్నాయక్‌లు చాలామంది. 'ప'కీ 'వ'కీ ఉన్న తేడా ముఖ్యంగా తలకట్టు కింద ఆ సందే. లావుపాటి ఫాంటులో గీత లావయ్యేకొద్దీ సందు ముడుచుకుపోతుంది. దాని మీద సిరా కాస్త పాకిందంటే సందు మూసుకుపోయి కార్డు మీద 'వట్నాయక్' ప్రత్యక్షం. పద్మ వద్మ అవుతుంది. ఇంగ్లిష్‌లో ఫ్యాట్ ఫేస్ చేసినవాడికి ఈ గొడవ లేదు. అక్కడ కాలు లావైతే కాలే లావవుతుంది.

కిందివైపు చూస్తే అక్కడా ఖాళీ లేదు. ద కింద చిన్న నిలువు గీత పెడితే ధ. చ ఛ, డ ఢ, ప ఫ ఇదే లెక్క. ఈ గీత ఇంగ్లిష్ సెరిఫ్ అంత చిన్నది, ఉండే చోటు కూడా అలాంటిదే. అక్షరాల అడుగున తీగలల్లిన ఫాంటులో అది తీగలో కలిసిపోయి 'రాధ' కాస్తా 'రాద' అవుతుంది. కాస్త ఓపిక చేసి ఆ గీతని తీగకి దూరంగా నిలబెట్టిన డిజైనరుకి మనసులోనే దణ్ణం పెట్టుకోవాలి. ఇక ఆ కింద వత్తులు. 'సిరిమానోత్సవం'లో త కింద స ఉంది. పై వరసలో అక్షరానికి కిందికి తోకలు వేలాడదీసి, కింది వరసలో గుడుల్ని పైకి ఎగదీస్తే వత్తుకి ఊపిరాడదు.

మరి తెలుగులో సోకు ఎక్కడ చెయ్యాలి? చోట్లు లేకపోలేదు. మొదటిది గీత మందం. తాటాకు మీద గంటంతో గీస్తే గీతంతా దాదాపు ఒకే మందం. తరవాత మసి పూస్తారు. కలం, బ్రష్, అచ్చు చేతికొచ్చాకే తెలుగు గుండ్రంలో లావూ సన్నం ఆడించే వీలొచ్చింది. వంపు ఎక్కడ బరువెక్కాలి, ఎక్కడ తేలిపోవాలి అన్నది పట్టుకుంటే కొత్తగా ఒక్క తీగ కూడా అల్లకుండానే అక్షరం అందంగా తయారవుతుంది. తెలుగులో నాకు నచ్చిన డిస్‌ప్లే ఫాంట్లు దాదాపు అన్నీ ఈ దారిలో వచ్చినవే.

రెండోది క్రారవడి, అదే ర వత్తు. అక్షరం కింద నుంచి ఎడమవైపుకి చుట్టుకుని వెళ్లే ఆ కొక్కేన్ని ఎంత దూరం లాగినా మరో అక్షరంగా మారదు. ఇంగ్లిష్‌లో 'స్వాష్' అనే సాగుడు తోకకి తెలుగులో సరిగ్గా సరిపోయే చోటు ఇదొక్కటే. తెలుగులో అన్నిటికన్నా ఎక్కువ ముస్తాబైన అక్షరం 'శ్రీ' కావడానికి భక్తి ఒక్కటే కారణం కాదు. కింద ర వత్తు, పైన గుడిదీర్ఘం, రెండు వైపులా లాగడానికి వీలున్న కొసలు. శుభలేఖ మీద శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అని మూడూ ఉన్నా ఆర్టిస్టు చెయ్యి మొదటిదాని మీదే ఆగుతుంది. మిగతా రెంటిలో కొసకొమ్ముల్ని కుడివైపుకి కాస్త సాగదీయొచ్చు. అది కూడా మాట చివర ఉంది కాబట్టి. మధ్యలో ఉన్న కొమ్ముని సాగదీస్తే దీర్ఘం వచ్చినట్టుంటుంది, సుశీల సూశీల అవుతుంది. సున్నాలో పువ్వో దీపమో పెట్టొచ్చు. ఒట్టి చుక్క మాత్రం పెట్టకండి, 'ఠ' ఛాయలొస్తాయి.

గూగుల్ ఫాంట్స్‌లో గురజాడ పేరుతో ఒకటి, గిడుగు పేరుతో ఒకటి తెలుగు ఫాంట్లున్నాయి. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా విడుదల చేసిన వరసలోవి. ఒకరు విజయనగరం, ఇంకొకరు శ్రీకాకుళం. వాడుక భాష కోసం కలిసి పోరాడిన ఇద్దరూ ఇలా ఒకే మెనూలో పక్కపక్కన దొరకడం బాగుంది. అయితే వెబ్‌సైటులో పెట్టుకోవడానికి గూగుల్ ఇచ్చే కోడ్‌లో గురజాడ పక్కన సెరిఫ్ అనీ, గిడుగు పక్కన శాన్స్ సెరిఫ్ అనీ ఉంటుంది. ఆ విభజన ఇంగ్లిష్ అక్షరాల లెక్కలోంచి వచ్చింది. తెలుగు అక్షరం ఎలా ఉంటుందో దాన్నిబట్టి తేల్చుకోలేం. జాబితాలో పేరు చూసి కాకుండా మనకి కావాల్సిన పేర్లు టైప్ చేసి చూసుకోవాలి. ఒక్క పేరు కాదు. ఘ, ధ, ప, ష, క్ష్మి, త్స, స్త్రి వచ్చే మాటలు కొన్ని కొట్టి చూస్తే ఆ ఫాంటు గుణం ఐదు నిమిషాల్లో బయటపడుతుంది. కొన్ని అలంకారపు ఫాంట్లలో మామూలు అక్షరాలు బ్రహ్మాండంగా ఉండి, మూడు హల్లులు కలిసిన చోట చేతులెత్తేస్తాయి.

ఒకే కార్డులో తెలుగూ ఇంగ్లిషూ పక్కపక్కన వేయాల్సొస్తే ఇంగ్లిష్‌లో తీగలున్నాయి కదా అని తెలుగులోనూ తీగల కోసం వెతక్కండి. కలవాల్సింది తీగ కాదు, నలుపు. కళ్లు కాస్త చికిలించి చూస్తే రెండు పేర్లూ ఒకే మోతాదు నల్లగా కనబడాలి. ఇంగ్లిష్‌కి బొడోని తరహా వాడితే తెలుగుకి లావు సన్నాల తేడా బాగా ఉన్న ఫాంటు, కూపర్ బ్లాక్ వాడితే తెలుగుకి గుండ్రంగా దిట్టంగా ఉన్నది. సైజు కూడా కంటితోనే సరిచూడాలి. వత్తులకీ గుడులకీ చోటు వదలాలి కాబట్టి అదే పాయింట్ సైజులో తెలుగు అక్షరం ఇంగ్లిష్ కన్నా చిన్నగా కనబడటం మామూలే. ఒకటి రెండు పాయింట్లు పెంచితే సరిపోతుంది, వరసల మధ్య ఎడం మాత్రం ఇంకా ధారాళంగా వదలాలి.

ఇంగ్లిష్‌లో ఇంకో పొరపాటు తరచూ కనబడుతుంది. స్వాష్ ఉన్న క్యాపిటల్ అక్షరాలు మాట మొదట్లో ఒక్కటి నిలబడటానికి గీసినవి. పేరంతా క్యాపిటల్స్‌లో కొడితే ప్రతి అక్షరం తోకా పక్కదాని కాళ్లకి చుట్టుకుంటుంది. ట్రాజన్ లాంటి నిటారు అక్షరాలని క్యాపిటల్స్‌లోనే, కాస్త ఎడం ఎడంగా పేర్చాలి. తెలుగుకి ఈ ఎడం పనికిరాదు. పాత పద్ధతి ఫాంట్లలో వత్తు విడి ముక్క కావడంతో ఎడం పెంచగానే అది తన అక్షరాన్ని వదిలేసి పక్కింటికి పోతుంది.

కార్డు ఎలా అచ్చవుతుందో కూడా ఫాంటు ఎంచుకునే ముందే అడగాలి. గోల్డ్ ఫాయిల్ వేడితో ఒత్తి అతికించేది. సన్నగీత దగ్గర సరిగా అంటదు, ఇరుకు సందుల్లో అనవసరంగా అంటుకుంటుంది. మన 'ప' సందుకి ఇది రెండో గండం. మెరూన్ రంగు మీద తెల్లక్షరాలు వదిలే పద్ధతిలో సిరా లోపలికి పాకి తెల్లగీతని సన్నం చేస్తుంది. పైగా ఆ మెరూన్ మూడు నాలుగు రంగులు కలిస్తే వచ్చేది. ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగినా సెరిఫ్ అంచున ఎర్రటి నీడ. ఇలాంటి చోట సన్నకాళ్ల ఫాంటు మీద మోజు వదులుకోవడమే మేలు, లేదా పేరు సైజు పెంచాలి.

ఫ్లెక్సీ దగ్గర లెక్క దూరానిది. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అని బోర్డుల పనిలో ఒక మోటు లెక్కుంది. విజయనగరం గంటస్తంభం దగ్గర రోడ్డు అవతల అరవై అడుగుల నుంచి చదవాలంటే అక్షరం ఆరంగుళాలన్నమాట. తెలుగులో ఆ ఆరంగుళాలు అసలు అక్షరానికే కావాలి. గుడులు, వత్తులు కలిపి లెక్కేస్తే సగం మోసమే. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఊరంతా కట్టే ఫ్లెక్సీల్లో పండగ పేరు ఒక్కటి ఎంత అలంకారంగా ఉన్నా ఇబ్బంది లేదు. ఏటా చూసే పేరు, అందరికీ నోటికొచ్చిన పేరు. కింద స్వాగతం పలికే నాయకుల పేర్లు, పదవులు కూడా అదే ఫాంటులో పెట్టించుకుంటారు. ఎవరు స్వాగతం పలికారో జనానికి తెలియకుండా పోయేది అక్కడే, డబ్బు పెట్టింది వాళ్లే అయినా.

అంకెల సంగతి ఎవరూ పట్టించుకోరు. ప్లేఫెయిర్ డిస్‌ప్లేలో మామూలుగా వచ్చే అంకెలు పాత పద్ధతివి. 3, 4, 5, 7, 9 గీత కిందికి దిగుతాయి, 6, 8 పైకి లేస్తాయి. మ్యాటర్ మధ్యలో అందంగానే ఉంటాయి గానీ ముహూర్తం టైములో, ఫోన్ నంబర్లో మెట్లెక్కి దిగుతున్నట్టుంటాయి. అదే ఫాంటులో అన్నీ ఒకే ఎత్తున్న అంకెలు కూడా ఉన్నాయి. ఓపెన్‌టైప్ సెట్టింగుల్లో, అంటే ఫాంటులో ఉన్న అదనపు రూపాలు ఎంచుకునే చోట, లైనింగ్ ఫిగర్స్ అన్నది ఆన్ చేస్తే వచ్చేస్తాయి.

ప్రూఫ్ చూసేటప్పుడు వాట్సాప్‌లో వచ్చిన బొమ్మని వేళ్లతో పెంచి చూసి ఓకే చెప్పేస్తున్నాం. ప్రూఫ్‌ని అసలు సైజులో ప్రింట్ తీయించి, చేయి చాపినంత దూరంలో పెట్టి, ఇంట్లో పెద్దవాళ్ల చేత పేర్లు చదివించాలి. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ ఫాంటు మార్చాలి.

చివరగా డబ్బు సంగతి. ఇంటర్నెట్‌లో దొరికిన ప్రతి ఫాంటూ ఉచితం కాదు. కొన్ని సొంత వాడకానికి మాత్రమే ఉచితం. షాపు బోర్డుకీ, ప్యాకింగుకీ, లోగోకీ వాడాలంటే లైసెన్సు కొనాలి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వచ్చినవాటితో ఆ టెన్షన్ లేదు. గురజాడ, గిడుగు, ప్లేఫెయిర్ డిస్‌ప్లే మూడూ ఆ కోవలోవే. వాటితో చేసిన కార్డు అమ్ముకోవచ్చు, బోర్డు రాయించుకోవచ్చు, ఫాంటుని మార్చి మెరుగుపరచొచ్చు కూడా. ఫాంటు ఫైలు ఒక్కదాన్నే విడిగా అమ్మడానికి మాత్రం ఒప్పుకోరు.